ఏరు దాటవలసిన కార్డు

భద్రాచలం వెళ్ళి రావాలని మా ఆవిడ మొక్కుకున్నది అమెరికాలో. అబ్బాయి దగ్గర ఆరు నెలలుండి క్షేమంగా తిరిగివస్తే రాములవారి దర్శనం చేసుకుంటానన్నదట. క్షేమానికి రాములవారితో పాటు బీమా కంపెనీ కూడా పూచీపడిందని ఆమెకు జ్ఞాపకం చేశాను. ఎందుకంటే విమానం టిక్కెట్టుతోపాటే అబ్బాయి మా యిద్దరికీ ఆరు నెలల ఆరోగ్య బీమా కొన్నాడు. పాత జబ్బులకు చెల్లదనీ, ఖర్చులో మొదటి కొంత సొమ్ము మనమే పెట్టుకోవాలనీ అందులో బోలెడు షరతులున్నాయి. అయినా పరాయిదేశంలో ఆ కాగితం చేతిలో ఉంటే అదొక ధైర్యం. యూరపులో షెంగెన్ దేశాలకు వెళ్ళేవారికయితే కనీసం 30,000 యూరోల బీమా చూపనిదే వీసాయే ఇవ్వరు.

మాఘమాసంలో ఒక ఉదయం ఖమ్మంలో బస్సెక్కాము. ఊరు దాటిన కాసేపటికే గాలిలో ఘాటు తగిలింది. దారికి రెండు ప్రక్కలా తోటలలో మిరపకాయ కోత సాగుతున్నది. కల్లాలనిండా ఎర్రటి జంపఖానాలు పరచినట్లు కాయ ఆరబోసి ఉన్నది. కొత్తగూడెం, పాల్వంచ దాటిన తరువాత ఒక స్టేజీలో ఒక పడుచుపిల్ల చంటివాణ్ణి గుడ్డలో చుట్టుకొని బస్సెక్కింది. వెంట కూలీల మేస్త్రీ ఉన్నాడు.

"పిల్లవాడికి జ్వరమా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది. ఆ పిల్లకు తెలుగు అంతగా రాదు. మేస్త్రీ జవాబు చెప్పాడు.

"మూడు రోజుల నుంచీ వణుకు జ్వరం అమ్మా. వీళ్ళది అవతల సుక్మా జిల్లా. కాయకోతకు వచ్చారు. కోతలైపోగానే వెళ్ళిపోతారు."

"కార్డేమైనా ఉన్నదా?"

"ఆయుష్మాన్ కార్డున్నదట. ఇంటిచూరులో దోపి వచ్చింది. అక్కడి కార్డు ఇక్కడెట్లా చెల్లుతుందమ్మా?"

నేను ఊరుకోలేక కల్పించుకున్నాను. ఆయుష్మాన్ భారత్ పథకం 2018లో వచ్చింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలదాకా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే వైద్యం ఉచితం. 2021లో తెలంగాణ కూడా అందులో చేరింది. ఒక రాష్ట్రంలో ఇచ్చిన కార్డు మరొక రాష్ట్రంలోనూ పథకంలో ఉన్న ఆసుపత్రులలో చెల్లుతుంది. ఇదంతా చెప్పాను.

మేస్త్రీ నా మొహం వంక చూసి, "ఆ సంగతి మాకెవరు చెప్పారు సారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

గోదావరి వంతెన దాటి దిగాము. సర్కారు దవాఖానాలో పిల్లవాడి వేలినుంచి నెత్తుటిచుక్క తీసి చూశారు. మలేరియా అన్నారు. మాత్రలిచ్చారు. ఏ కార్డూ అడగలేదు. ఈ అడవి సీమలో మలేరియా పాత చుట్టమే. పరీక్షకూ మాత్రలకూ కార్డుతో పనిలేదు. కాని చెట్టుమీదనుంచి పడి కాలు విరిగినా, ఆపరేషను పడినా, పెద్ద పట్నం పొమ్మన్నా అప్పుడు కావలసినది ఆ చూరులోని కార్డే.

దర్శనం చేసుకుని మర్నాడు పర్ణశాలకు బయలుదేరాము. భద్రాచలం దాటగానే ఆటో అబ్బాయి, "ఇప్పుడు ఆంధ్రాలో ఉన్నారు" అన్నాడు. కొంతదూరం పోయాక, "మళ్ళీ తెలంగాణకు వచ్చేశారు" అని నవ్వాడు. 2014లో రాష్ట్రం విడిపోయినపుడు ఎటపాక మొదలైన గ్రామాలు అటు పోయాయి. దుమ్ముగూడెం, చర్ల ఇటు మిగిలాయి. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. దోమకు ఈ సరిహద్దులేవీ తెలియవు.

దారిలో అడవి అంచున ఆకుల కప్పుల గుడిసెలు కొన్ని చూపించాడతను. గుత్తికోయలవట. 2005లో అవతల సల్వాజుడుం అలజడి మొదలైనప్పటినుంచీ ప్రాణభయంతో వేలమంది ఇటు వలస వచ్చారు. కూలివాళ్ళు కోత కాగానే ఇంటికి పోతారు. వీరికి పోవడానికి ఇల్లు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనపుడు తెల్ల రేషనుకార్డే దానికి ఆధారం. తెలంగాణలో దాని పరిమితి 2023లో 10 లక్షలకు పెరిగింది. కాని వీరిలో చాలామందికి అక్కడి కాగితాలు అక్కడే పోయాయి, ఇక్కడి కాగితాలు చేతికి రాలేదు. పరిమితి ఎంత పెరిగితే ఏమి లాభం?

కేరళవారు 2017లో ఇతర రాష్ట్రాల కూలీలకోసమే ఆవాజ్ అనే బీమా పెట్టారు. వైద్యానికి 15,000, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. పెద్ద సొమ్ము కాదు. అయినా వచ్చినవాణ్ణి "నీవెవరివి?" అనకుండా "నీకేమైనా అయితే?" అని అడిగిన పద్ధతి బాగున్నది.

తిరుగు ప్రయాణంలో అదే స్టేజీలో మేస్త్రీ కనిపించాడు. పిల్లవాడికి జ్వరం తగ్గిందట. "వచ్చే ఏడు కార్డు తెచ్చుకోమని చెప్పు నాయనా," అన్నది మా ఆవిడ కిటికీలోంచి.

"మా ముఠాలో నలభైమంది అమ్మా, అందరికీ చెప్పాను. కార్డు లేనివాళ్ళు ఆరుగురున్నారు. వాళ్ళకేం చెప్పను?" అన్నాడు.

బస్సు కదిలింది. మీకు తోటలున్నా, మీరు ఇల్లు కట్టిస్తున్నా, పొరుగు రాష్ట్రపు కూలీ గడపలోకి వచ్చినపుడు కార్డు తెచ్చుకున్నాడో లేదో ఒకసారి అడగండి. మనం విమానమెక్కబోయే ముందు మన పిల్లలు అడిగే మాటే గదా అది!