దండము - ఆరవ స్థానము

అర్థశాస్త్రం ప్రకారం రాజ్యానికి అంగాలు ఏడు: స్వామి, అమాత్య, జనపద, దుర్గ, కోశ, దండ, మిత్రములు. దండమంటే సైన్యం, దానిది ఆరవ స్థానం. ఏళ్ళ తరబడి పిల్లలచేత ఈ వరుస వల్లె వేయించిన నాకు, ఫిజీ చరిత్రలో అది తారుమారై కనిపించింది.

1903 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మన తెలుగువారు కూడా ఒప్పందపు కూలీలుగా, అంటే గిర్మిటియాలుగా, వెళ్ళిన ద్వీపదేశమది. చిన్న దేశం గనుక అక్కడ దళానికొక స్వతంత్ర అధిపతి లేడు. 1975లో నౌకాదళం ఏర్పడినా, పదాతిదళంతోపాటు ఒకే సేనానికి లోబడి ఉన్నది. నావికుడైన బైనిమరామ 1999లో మొత్తం సేనకు అధిపతి కావడమే ఇందుకు నిదర్శనం. ఖర్చు దృష్ట్యా ఈ ఏర్పాటు మేలే. 1978 నుంచి లెబనానులో, 1982 నుంచి సినాయిలో శాంతిరక్షణ చేసి ఈ సేన పేరు తెచ్చుకొన్నది కూడా.

కాని ఆ సేనే ఎదురు తిరిగితే ఆపగల రెండవ దళమేది? 1987 మే నెలలో లెఫ్టినెంట్ కర్నల్ రబుకా, భారతసంతతివారికి పెద్దపీట వేసిన బవద్రా ప్రభుత్వాన్ని నెలరోజులకే కూల్చివేశాడు. సెప్టెంబరులో మళ్ళీ తిరుగుబాటు చేశాడు. 2006లో బైనిమరామ వంతు. 2000 నవంబరులోనైతే సువాలోని సైనిక శిబిరంలోనే సైనికులు సైనికులను చంపుకొన్నారు. 2013 రాజ్యాంగం ప్రజాక్షేమ బాధ్యతను సైతం సైన్యానికే అప్పగించింది.

ప్రజాక్షేమం స్వామిధర్మం కదా! 1987 తరువాత, తరతరాలుగా చెరకు పండించిన కుటుంబాలు వేలాదిగా ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు తరలిపోయాయి. వరుస తప్పినప్పుడు ముందుగా నలిగేది మూడవ అంగమైన జనపదమే.