మెత్తని కంఠము

ప్రతి సంవత్సరమును పరీక్షలు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయులమైన మేము విద్యార్థుల పత్రములలో "నడవడి" అను గడిని పూరింపవలసి యుండును. గణితమునకు మార్కులు గలవు. చరిత్రకు మార్కులు గలవు. నడవడికి మాత్రము కొలబద్ద లేదు. తరగతిలో నెమ్మదిగా కూర్చుండి, అడిగినప్పుడు మాత్రమే బదులు చెప్పు బాలునకు "మంచిది" యని వ్రాయుట సులభము. గట్టిగా మాటలాడి, బల్ల చరచి, ప్రతి పనికిని ముందునకు దూకు బాలుని విషయమున కలము కొంచెము సేపు ఆగును. శిక్షణ కళాశాలలో మా గురువులు బాలుర మనస్తత్వమును గూర్చి పెక్కు గ్రంథములు చదివించిరి గాని, ఈ చిన్న గడిని గూర్చి యే గ్రంథమును సూటిగా చెప్పలేదు. ఇట్టి యాలోచనలో నున్న దినములలో మేము చూచిన యొక చలనచిత్రము మా మనస్సును చాల కాలము విడువలేదు. దానిని గూర్చి ఈ సంచికలో కొన్ని మాటలు వ్రాయ దలచితిమి.

ఆ చిత్రము పేరు "ఎలక్షన్". హాంకాంగ్ నగరమున జానీ టో అను దర్శకుడు దీనిని తీసెను. ఇది 2005వ సంవత్సరమున వెలువడెను. సంభాషణలు కాంటొనీసు భాషలో నున్నవి. ఆ భాషలో దీని పేరునకు "నల్ల సంఘము" అని యర్థము; చాటుగా నేరములు చేయు ముఠాలను అక్కడివా రట్లు పిలుతురు. ఆ యేడే యీ చిత్రము కేన్స్ చలనచిత్రోత్సవమున పోటీకి నిలిచెను. 2006లో హాంకాంగ్ చలనచిత్ర బహుమానములలో ఉత్తమ చిత్రము, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు అను బహుమానములను గెలుచుకొనెను. హాంకాంగ్‌లో దీనిని 18 ఏండ్లు నిండిన వారికే చూపిరి. గనుక, ప్రియ విద్యార్థులారా, మీరు దీనిని చూడుడని మేము చెప్పుట లేదు. పెద్దలమైన మేము చూచి, అందలి సారమును మాత్రము మీ ముందుంచుచున్నాము.

కథకు ముందు ఈ ముఠాల పుట్టుకను తెలిసికొనుట మంచిది. ఇంగ్లీషువారు వీనిని "ట్రయడ్" లని పిలిచిరి. 18వ శతాబ్దమున, 1760 ప్రాంతమున, దక్షిణ చైనాలోని ఫూజియన్ సీమలో "ఆకాశ భూమి సంఘము" అను పేర ఇవి మొలకెత్తెను. పొట్టకూటికై సొంత ఊళ్లు విడిచి తిరుగు పేదలు ఒకరి కొకరు తోడుపడుటకై ఏర్పరచుకొన్న సంఘమే యిదియని పరిశోధకులు చెప్పుదురు. సంఘమువారు చెప్పుకొను కథ వేరు. చింగ్ వంశపు ప్రభువులు షావొలిన్ మఠమును తగులబెట్టగా, తప్పించుకొన్న ఐదుగురు సన్యాసులు ఆ వంశమును కూల్చి పూర్వపు మింగ్ వంశమును నిలుపుదుమని శపథము చేసిరట. అందుచేత ఈ సంఘమున చేరువాడు 36 ప్రమాణములు చేయవలెను. తోడివారిని సొంత అన్నదమ్ములవలె చూచెదననియు, ద్రోహము చేసిన కత్తులపాలగుదు ననియు పలుకవలెను. చింగ్ ప్రభుత్వము 1912లో అంతరించెను. అయినను సంఘములు అంతరింపలేదు. ప్రమాణములు నిలిచెను, వాని వెనుకనున్న ఆశయము పోయెను, ఆ స్థలమున జూదము, మత్తుమందు, బెదరించి సొమ్ము గుంజుట వచ్చి కూర్చుండెను. హాంకాంగ్‌లోని ఆంగ్ల ప్రభుత్వము 1845లోనే వీనిని అణచుటకు చట్టము చేసెను. నేటికిని అక్కడ ఇట్టి సంఘమున సభ్యుడుగా నుండుటయే నేరము.

ఇక కథ. ఒక ముఠాలో రెండేండ్ల కొకమారు అధ్యక్షుని ఎన్నుకొందురు. ఎన్నుకొనువారు సభ్యులందరు గారు. వయసు మీరిన కొందరు పెద్దలు ఒక గదిలో కూర్చుండి, తేనీరు త్రాగుచు, తమలో తాము నిర్ణయింతురు. ఆ దినములలో హాంకాంగ్ పాలనాధికారిని సయితము సామాన్య ప్రజలు గాక 800 మంది సభ్యుల సమితియే యెన్నుకొనుచుండెను. గనుక ఈ చిత్రమును చూచిన వారిలో కొందరికి తమ నగరపు సంగతి స్ఫురించెను. ఈ మారు పదవికి నిలిచినవారు ఇద్దరు. ఒకడు లోక్, సైమన్ యామ్ అను నటుడు ఆ పాత్రను ధరించెను. రెండవవాడు బిగ్ డి. ఆ వేషము టోనీ లెంగ్ కా-ఫై అను నటునిది.

మాకు కాంటొనీసు భాష రాదు. తెర యడుగున కనబడు ఇంగ్లీషు మాటలను చదువుకొనుచు చూచితిమి. ఆ భాషలో ఆరు స్వరభేదములు గలవు. స్వరము మారిన అర్థము మారును. భాష తెలియని మాకు ఆ కంఠములే ముందుగా చెవిని సోకెను. బిగ్ డి మాటలాడిన గది దద్దరిల్లును. అతడు అరచును, నవ్వును, తిట్టును, డంబములు పలుకును. పెద్దలకు లంచము లిచ్చును. ఆ సంగతి దాచుకొనుటయు లేదు. లోక్ కంఠము మెత్తనిది. అతడు పెద్దలను గౌరవించును. చిన్న కుమారుని ప్రేమతో పెంచుకొనుచుండును. కోపము మొగమున కనబడదు. టెంగ్ అను వృద్ధుడు, బిగ్ డి చేతికి అధికారము వచ్చిన సంఘము చెడునని వాదించెను. పెద్దలు లోక్‌నే యెన్నుకొనిరి. ఆ గదిలో మేము కూర్చుండినను అతనికే మా మాట పడియుండెడిది. చిత్రమును చూచువాని నందరిని దర్శకుడు అట్లే నడిపించును.

ఓడిన బిగ్ డి ఊరకుండలేదు. తనయొద్ద సొమ్ము పుచ్చుకొని వోటు వేయని పెద్దలను చెక్కపెట్టెలలో బంధించి కొండ వాలున దొర్లించెను. అధ్యక్షునకు గుర్తుగా డ్రాగన్ తలగల యొక పాత చెక్క దండము కలదు. అది చేతికి రానిదే ఎవ్వడును అధ్యక్షుడు గాడని వారి యాచారము. ఆ దండము చైనాలో దాచబడి యుండగా ఇరుపక్షములవారును దానికై పరుగెత్తిరి. చిత్రములో సగము ఆ చెక్కముక్క చేతులు మారుటయే. ఒకడు దానిని దాచిన వానిని దుంగతో కొట్టుచుండును. ఇంతలో టెలిఫోను మ్రోగును. నాయకులు రాజీపడిరి గనుక ఇప్పుడు మీరిద్దరు నొకే పక్షమువారని వార్త వచ్చును. కొట్టిన చేయియే లేవనెత్తును. చిత్రమంతటను ఒక్క తుపాకియు ప్రేలదు. కత్తులు, కఱ్ఱలు, రాళ్లు మాత్రమే. తుపాకి లేనందున హింస దూరము నుండి జరుగదు. కొట్టువాడు దెబ్బతినువాని మొగమును చూచుచునే కొట్టవలెను. అందుచేతనే అది వినోదముగా నుండదు.

తుదకు లోక్ బిగ్ డిని చేరదీసెను. ఇప్పుడు నాకు తోడుపడుము, తరువాతి మారు నీకు మేము తోడుపడుదుమని నమ్మబలికెను. ఇరువురును పూర్వపద్ధతిని సోదర ప్రమాణము చేసిరి. ఆ తంతును దర్శకుడు తీరికగా, లోపము లేకుండ చూపును. తరువాత కొన్ని దినములు అంతయు చక్కగా సాగెను. ఒకనాడు లోక్ తన కుమారునితోను, బిగ్ డి తన భార్యతోను ఒక నీటి గట్టునకు చేపలు పట్టుటకు పోయిరి. అక్కడ బిగ్ డి, దాపరికము లేని తన స్వభావము చొప్పున, మనమిద్దరము కలసి అధ్యక్షులుగా నుండరాదా యని యడిగెను. లోక్ కోపపడలేదు, కంఠము పెంచలేదు. వెనుకనుండి ఒక బండరాయి నెత్తి అతని తలపై మోదెను; మరల మరల మోదెను. చూచి కేకలు వేయుచు పారిపోవుచున్న భార్యను పట్టి చంపెను. చెట్లపై కోతులు చూచుచుండెను. ఆ పిల్లవాడును చూచెను. తండ్రి కుమారుని కారులో కూర్చుండబెట్టుకొని ఇంటికి బయలుదేరెను. చిత్రము అక్కడితో ముగియును.

2006లో వచ్చిన రెండవ భాగమున లోక్, రెండేండ్లు నిండినను పదవి విడువనొల్లక, ఆచారమును మీరి మరల నిలువ జూచెను. తనను ఎన్నుకొమ్మని వాదించిన ఆ టెంగ్ వృద్ధునే, అడ్డుపడినందుకు, మెట్లపై నుండి త్రోసి చంపెను. పెద్దవాడైన కుమారుడు తండ్రికి దూరమై వీధి ముఠా కుఱ్ఱవాండ్రతో చేరెను. తండ్రి యెంత మెత్తగా పిలిచినను ఆ పిల్లవాడు దగ్గరకు రాడు.

ఈ కథలో ఎన్నిక కలదు, ప్రమాణము కలదు, పెద్దలయెడ గౌరవము కలదు, సోదరభావము కలదు. మన బడులలోను, ఊళ్లలోను మంచివని మనము నేర్పునవన్నియు కలవు. అయినను అన్నియు బోలుగా నున్నవి. ఏలయన వోటు వేయువారు సొమ్మునకు లోబడిరి. ప్రమాణమునకు కారణమైన ఆశయము ఏనాడో గతించెను. గెలిచినవాడు ఎవ్వరికిని జవాబు చెప్పనక్కరలేదు. రూపము మిగిలి ప్రాణము పోయిన ఆచారము దుర్మార్గునకు మంచి ముసుగగును.

అయితే మాకు ఎక్కువగా పట్టుకొన్నది లోక్ నడవడి. అతని మంచితనము నటన యని చెప్పి ఊరకుండుట సులభము. మాకు అట్లు తోచలేదు. కుమారునిపై అతని ప్రేమ నిజమే. పెద్దలయెడ వినయము అలవాటైనదే. కాని ఆ గుణములన్నియు ఒక్క హద్దు వరకే. తనకు దక్కినదానిలో సగము ఇమ్మని ఒకడు అడుగు వరకే. బిగ్ డి బల్ల చరచినప్పుడు లోక్ ఎట్టివాడో తెలియలేదు, సగమడిగినప్పుడు తెలిసెను.

అప్పటినుండి నడవడి గడి మాకు వేరుగా కనబడుచున్నది. తరగతిలో బాలుని కంఠమును గాక, పంచుకొనవలసిన చోట అతని చేతులను గమనింప మొదలిడితిమి. మంచినీళ్ల కుళాయి యొద్ద వరుస ఎవడు విడుచును? ఆటస్థలమున బ్యాటును ఎవడు త్వరగా అందించును? ఒక సంవత్సరము మా తరగతిలో నాయకుని ఎన్నిక జరిగెను. గట్టి కంఠముగల యొక బాలుడు నాలుగు వోట్ల తేడాతో ఓడెను. ఆ దినమంతయు గొణుగుచునే యుండెను, లెక్కింపు మరల చేయుడని అరచెను, మేము మందలించితిమి. తరువాతి మాసమున గెలిచిన బాలుడు జ్వరపడి పది దినములు రాలేదు. ఓడినవాడు ఎవరును చెప్పకయే హాజరుపట్టిక తెచ్చి మా బల్లపై నుంచుట, నల్లబల్ల తుడుచుట మొదలగు పనులన్నియు చేసెను. పదునొకండవ దినమున నాయకుడు గుమ్మములో కనబడగానే సుద్దముక్కల పెట్టె అతని చేతిలో పెట్టి, "ఇదిగోరా, నీది" అని పెద్దగా అరచి తన బల్లకు పోయెను. ఆ సంవత్సరము అతని గడిలో "చాల మంచిది" యని వ్రాయుటకు కలము ఆగలేదు.

మెత్తగా మాటలాడు పిల్లలను అనుమానింపుడని మా యభిప్రాయము గాదు. మెత్తని మాట మంచి అలవాటే. దానిని నేర్పుట మానరాదు. కాని అది గుణమునకు పైబట్ట మాత్రమే. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఇంట అల్లరి చేయుచున్నాడని మా యొద్దకు వచ్చి బాధపడునప్పుడు, తమ్మునితో దేనినైన పంచుకొన్నాడా యని మేము మిమ్మును అడుగుదుము. ఇంకొక మాట. ఆ నీటి గట్టున జరిగినదానిని చూచినది పోలీసులు గారు, ముఠావారు గారు, ఒక పిల్లవాడు. మనము సంతలోను, పొలము గట్టుల యొద్దను, వాటాల తగవులలోను ఏమి చేయుచున్నామో, ఎంత మెత్తగా చేసినను, మన వెనుక నిలుచున్నవారు చూచుచున్నారు. విద్యార్థులారా, వచ్చు జూన్ మాసమున మీరు మరల తరగతి నాయకులను ఎన్నుకొందురు. అభ్యర్థి ఎంత బాగుగా మాటలాడునో వినుడు. తరువాత, ఒకే అరటిపండు మిగిలిన వేళ అతడేమి చేసెనో జ్ఞాపకము చేసికొని వోటు వేయుడు.