119వ కీర్తన

నాది ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం. చర్చిలో మొదటిసారి వాక్యం చదవమని పాస్టర్ గారు ఇచ్చింది 117వ కీర్తన. రెండే వచనాలు. అయినా ఒత్తుల దగ్గర తడబడ్డాను. వెనక నవ్వులు. ఇక వెళ్ళకూడదనుకున్నా.

ఆ సాయంత్రం మా చర్చి మామ్మ ఇంటికొచ్చింది. "కళ్ళు ఆనట్లేదు బాబూ, నాకు చదివిపెట్టు" అని 119వ కీర్తన తీయించింది. 176 వచనాలు, 22 భాగాలు! హాస్టల్ నుంచి ఇంటికెళ్ళిన ప్రతి ఆదివారం ఒక భాగం. నేను ఆగిన చోటల్లా తనే అందించేది. సగం ఆమెకి నోటికొచ్చు. చదివించింది ఎవరి కోసమో అప్పుడర్థమైంది.

మొన్న ఒక సబ్జెక్ట్ పోయింది. ఇంట్లో చెప్పలేక ఆమెకే చెప్పా. సలహాలివ్వలేదు, నా పేరు పెట్టి ప్రార్థన చేసింది. తర్వాత నాన్నకి నేనే చెప్పాను.

ఇంకా ఆరు భాగాలున్నాయి.