లాల్‌బాగు గుట్టా, సొరకాయ రసమూ

బెంగుళూరులో మూడు తరాలుగా కాపురముంటున్నా, లాల్‌బాగులోని రాతిగుట్టను మేమెన్నడూ లెక్కచేసింది లేదు. సుమారు 300 కోట్ల సంవత్సరాల నాటి రాయి అది. పైన కెంపేగౌడ గోపురం. రక్తపుపోటు ఉన్నదని, ఉప్పు తగ్గించి రోజూ నడవమని డాక్టరు చెప్పిన తరువాత గదా ఆ గుట్ట ఎత్తు తెలిసివచ్చింది! సగంలోనే ఆయాసం.

తోట గేటు బయట బండిమీద బూడిదగుమ్మడి, కాకర, బాళెదిండు (మన అరటిదూటే) రసాలు అమ్ముతారు. అవి చూసి మా ఇంటావిడ ఇంట్లోనే మొదలుపెట్టింది. బీట్‌రూటు, కారెట్టు, చిన్న అల్లంముక్క, చివర నిమ్మరసం. ఉప్పు వేయదు, వడకట్టనివ్వదు, పీచు పోతుందిట. బీట్‌రూటు రక్తపుపోటును కొద్దిగా తగ్గించవచ్చునని డాక్టరూ ఒప్పుకున్నాడు గాని, మాత్ర మానవద్దన్నాడు. మూత్రపిండాల జబ్బున్న పక్కింటి తాతగారిని మాత్రం యీ రసాల జోలికే పోవద్దన్నాడు.

ఒకనాడు సొరకాయ రసం. గ్లాసు పెదవికి తగలబోతుండగా మా అమ్మ, "ఆగరా, ముక్క కొరికి చూశారా?" అన్నది. చూస్తే కటిక చేదు. "కాకరరసం మాత్రం తియ్యగా ఉందా?" అని మేము వాదించాము. అమ్మ మాట్లాడకుండా గ్లాసు తూములో పోసేసింది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రజ్ఞుడు చేదు సొరకాయ రసం త్రాగి మరణించాడని ఆ తరువాత తెలిసి, ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ విషం ఉడికించినా పోదట.

ఇప్పుడు గుట్టను ఒక్కసారే ఆగి ఎక్కుతున్నాము. నడక మహిమ అని మేము, రసం మహిమ అని మా ఇంటావిడ. సొరకాయ వచ్చిన రోజున మొదటి ముక్క అమ్మదే.