మడ అడవిలో ఒక ప్రశ్న

పుస్తకంలో ప్రకృతిని చదువుకున్నవాడు దానిని ఎదుట చూచినప్పుడు మొదట చేసే పని పేరు అడగడం. రెండవది తుంచి సంచిలో వేసుకోవడం. వృక్షశాస్త్రం బోధించే ఉపన్యాసకుడొకాయన ఏటా నలభైమంది విద్యార్థులను వెంటబెట్టుకొని కాకినాడ సమీపాన ఉన్న కోరంగి మడ అడవులకు వెళ్ళేవారు. ఆయన యాత్రలలో ఈ రెండు పనులూ చాలా ఏళ్ళు నిరాటంకంగా సాగాయి.

గోదావరి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీరూ మంచినీరూ కలగలసిన బురదనేలలో పెరిగిన అడవి అది. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మామూలు చెట్టు ఇక్కడ బతకజాలదు. బురదలో గాలి చొరదు, నీటిలో ఉప్పు, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి వేళ్ళను ముంచివేస్తుంది. ఈ కష్టాలకు ఒక్కొక్క జాతిది ఒక్కొక్క ఉపాయం. నల్లమడ తన వేళ్ళను బురదలోనుంచి పెన్సిళ్ళవలె పైకి నిలిపి, వాటి సన్నని రంధ్రాల ద్వారా గాలి పీల్చుకుంటుంది. ఎక్కువైన ఉప్పును ఆకుల మీదుగా వెలికి నెట్టివేస్తుంది. ఆ ఆకును ఒకసారి నాలుకకు తాకించి చూచిన విద్యార్థికి ఆ పాఠం జన్మలో మరపురాదు. ఉప్పుపొన్న తీరు మరీ విచిత్రం. గింజ తల్లిచెట్టున ఉండగానే మొలకెత్తి, పచ్చని ములక్కాడవలె జానెడుకు పైగా వేలాడుతుంది. రాలినప్పుడు మెత్తని బురదలో నిటారుగా దిగవచ్చు. లేదా నీటిపై తేలిపోయి మరొక ఒడ్డున వేరూనవచ్చు.

విద్యార్థులకు అన్నిటికన్న నచ్చేది ఈ మొలకే. తలా ఒకటి తెంపుకొనేవారు. అవి కళాశాలకు చేరి ఫార్మలిన్ సీసాలలో మునిగేవి. మరుసటి ఏడు కొత్తవాటికి చోటు కావలసివచ్చి పాతవి బయట పారవేయబడేవి. అభయారణ్యంలో కొమ్మ విరవడం చట్టవిరుద్ధమని ఉపన్యాసకునికి తెలియనిది కాదు. చదువు కోసమే గదా అని తనకు తాను సమాధానం చెప్పుకునేవారు.

ఒక ఏడాది పడవవాడు ఒక కుర్రవాణ్ణి హెచ్చరించాడు: "ఆ కొమ్మ ముట్టుకోకండి బాబూ, అది తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోద్దండి." తరువాత సంచులవైపు చూచి, "మాస్టారండీ, ఏటా ఇన్ని మొలకలు పట్టికెళ్తారు గదా. అక్కడ బతుకుతాయాండీ?" అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఉపన్యాసకుని వద్ద జవాబు లేదు. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు ఉప్పెనపాలైన సంగతి ఆ ఉదయమే ఆయన విద్యార్థులకు చెప్పారు. మడ అడవి అలల ఉద్ధృతిని అణచే గోడ అని వర్ణించారు. ఆ గోడకు రాబోయే రాళ్ళు నలభై, ఇప్పుడు సంచులలో ఉన్నాయి.

మరుసటి ఏడు సంచులు వద్దన్నారు. చెక్కవంతెన మీద ఒక్కొక్కరు ఒక్కొక్క చెట్టు ఎదుట అరగంట మౌనంగా కూర్చుని, చూచినది బొమ్మ గీయాలన్నారు. పది నిమిషాలు అందరూ అటూ ఇటూ కదిలారు. అలికిడి అణగిన తరువాత బొరియలలోనుంచి పీతలు వెలువడ్డాయి. చేపలు కొన్ని నీరు విడిచి బురదపై గెంతసాగాయి. పోటునీరు ఒక్కొక్క వేరునే ముంచుకుంటూ రావడం అందరికీ కనిపించింది.

ఆనాడు నోటుపుస్తకాలకెక్కిన పేర్లు ఆరే. అంతకుముందు నలభైకి తక్కువ ఉండేవి కావు. ఇదేమి చదువని తోటి అధ్యాపకులు కొందరు ఆక్షేపించారు; పరీక్షలో మార్కులు పెరిగాయని బదులు చెప్పడానికీ వీలులేకపోయింది. కాని అదివరకు తిరుగు ప్రయాణంలో ప్రశ్నలు వేసేది ఉపన్యాసకుడు. ఈసారి విద్యార్థులు వేశారు. నీట కొట్టుకుపోయిన మొలకల గతి ఏమిటని ఒక అమ్మాయి అడిగితే, ఆయన పడవవానివైపు చూపించారు.

"పోయేవి పోగా ఒడ్డున కూరుకున్నవి నిలుస్తాయమ్మా" అన్నాడతడు, తెడ్డు వేస్తూనే.

ఇప్పుడు ప్రయోగశాలలో ఉప్పుపొన్న మొలక ఒక్కటే ఉన్నది. ఏ ఏట తెంపినదో, చీటీమీద సిరా వెలిసి తెలియడంలేదు. ఏటా ఆ సీసా కూడా పడవ ఎక్కుతుంది. విద్యార్థులు దానిని చేతులు మార్చుకుంటూ పరిశీలిస్తారు. పిదప తలలెత్తి, కొమ్మన వేలాడుతున్న మొలకలను చూస్తారు.