ఏ గడిలో రాయాలి?

మొన్న జనవరిలో మా కాలేజీ వాళ్ళు నన్ను విశ్వవిద్యాలయానికి ఒకరోజు శిక్షణకి పంపారు. వివక్ష, లైంగిక వేధింపుల నివారణ మీద. నేను మా కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో సభ్యురాలిని. "ఒక ఎస్సీ మేడం ఉంటే బాగుంటుంది" అని ప్రిన్సిపాలుగారు నా పేరు వేశారు. ఆ మాట నా ముందే అన్నారు, మెచ్చుకుంటున్నట్టే అన్నారు. ఆ విశ్వవిద్యాలయం పేరు రాయను. రాస్తే అక్కడొక్కచోటే అట్టా ఉందనుకుంటారు.

పొద్దున వేధింపులు, మధ్యాహ్నం భోజనాలయ్యాక కులవివక్ష. పొద్దున మాట్లాడిన లాయరమ్మ బాగానే చెప్పింది. 2013 చట్టం ప్రకారం 10 మంది పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి, అందులో కనీసం సగంమంది ఆడవాళ్ళుండాలి. జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగించాలి. రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది అబద్ధపు ఫిర్యాదు అయిపోదు. అన్నీ రాసుకున్నాను. ఈ చివరి మాట నా ఇరవై రెండో ఏట ఎవరైనా చెప్పుంటే నా బతుకు వేరేగా ఉండేది.

కులం సంగతి మాత్రం నలభై నిమిషాల్లో అయిపోయింది. వివక్ష నిరోధానికి ఒక అధికారి ఉండాలని 2012లో యూజీసీ నిబంధన పెట్టిందని ఒకాయన చదివాడు. "ఈ రోజుల్లో కులం ఎవరు చూస్తున్నారు లెండి" అని ఆయనే అని, ఆయనే నవ్వాడు. ముందు వరసలో కొందరు నవ్వారు.

చివర ఒక నమూనా ఫిర్యాదు ఫారం పంచారు, నింపి చూడమని. అందులో ఒక వరస: 'వేధింపు స్వభావం: లైంగికం / కులపరం. ఏదైనా ఒకదానికి టిక్కు పెట్టండి.'

నా పెన్ను అక్కడ ఆగిపోయింది.

మాది ముసునూరు. నూజివీడు పక్కన. చరిత్ర చదివినవాళ్ళకి ఆ పేరు వినగానే ముసునూరి నాయకులు గుర్తొస్తారు. నాకు మాత్రం మా మాదిగపల్లె, దాని అవతల మామిడితోటలు గుర్తొస్తాయి. వేసవి వస్తే మా అమ్మకి కూలి దొరికేది అక్కడే. మగవాళ్ళు చిక్కంతో కాయ దించితే, ఆడవాళ్ళు ఏరి, తొడిమ తుంచి, సొన కారనిచ్చి, సైజువారీగా వేరుచేసి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దేవాళ్ళు. సొన పడ్డచోట చర్మం కాలి నల్లమచ్చ పడుద్ది. మా అమ్మ ముంజేతుల నిండా అవే. ఆ చేత్తో సర్దిన బంగినపల్లి ఎక్కడెక్కడో పెద్ద పెద్ద ఇళ్ళలోకి వెళ్ళేది. మాకు మాత్రం తోటలో మంచినీళ్ళు దోసిట్లోకి ఎత్తి పోసేవాళ్ళు. చెంబు తగిలితే అంటు, కాయ తగిలితే కాదు!

నాకు మొదటి శిక్షణ ఇచ్చింది మా అమ్మ. పదకొండేళ్ళప్పుడు నన్ను సెలవుల్లో పనికి తీసుకెళ్తూ దారిలో చెప్పింది. "లోతోటలోకి ఒక్కత్తివీ పోమాక. మేస్త్రి పిలిస్తే పక్కామెని కేకేసి తోడు తీసుకునిపో. కూలిడబ్బులు కాపలా గుడిసెలో ఇస్తానంటే అందరం కలిసే పోవాలి." ఎందుకని నేను అడగలేదు. అందరికీ తెలిసిందే.

ఒకేడాది మా వదిన వరసామెని మేస్త్రి గుడిసెలో చెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు మావాళ్ళు తోటకి వెళ్ళారు గానీ కాయ ముట్టుకోలేదు. చెట్లకింద వరసగా కూచున్నారు, అంతే. కోసిన కాయ ఎండలో పడుంటే పనికిరాదు. అది గుత్తదారుకి తెలుసు, మావాళ్ళకీ తెలుసు. మధ్యాహ్నానికల్లా మేస్త్రిని తీసేసి ఇంకో తోటకి పంపించాడు. మావాళ్ళు గెలిచామనుకుని పెట్టెలు సర్దారు. ఆ ఇంకో తోటలో పనిచేసే ఆడవాళ్ళెవరో, వాళ్ళకి ఈ సంగతి ఎవరు చెప్తారో మేం అడగలేదు.

1997లో నేను ఎమ్మే చదువుతున్నాను. పరిశోధనలో చేరదామని కాగితాలు పట్టుకుని ఒక అధ్యాపకుడి గదికి వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను. అమ్మ చెప్పింది తోటల సంగతి గదా, ఇది చదువుకున్నవాళ్ళ చోటు గదా అనుకున్నాను. ఆయన కాగితాలు చూస్తూనే నా భుజం మీద చెయ్యేశాడు. నేను వెనక్కి జరిగాను. అప్పుడన్నాడు: "మీ గూడెంలో ఇవన్నీ మామూలేగా, ఇక్కడికొచ్చాక పతివ్రతవయ్యావా?"

ఆ మాట ఇన్నేళ్ళయినా నాకు రెండు ముక్కలుగా విడిపోలేదు. చెయ్యి ఆడదాని మీద పడిందా, మాదిగదాని మీద పడిందా? ఆయనకైతే అనుమానమే లేదు. గూడెం పిల్లని గనకే వెయ్యొచ్చనుకున్నాడు.

హాస్టల్లో ఒక మేడంకి చెప్పుకున్నాను. "ఆయన మాట దురుసు, అందరితోనూ అంతే. దీంట్లోకి కులం లాగకు" అంది. తర్వాత మా దళిత విద్యార్థి సంఘంలో అన్నలకి చెప్పాను. వాళ్ళు నిజంగా ఉడికిపోయారు. ఉడికిపోయి, "కులంపేరు పెట్టి తిట్టాడా?" అని అడిగారు. "గూడెం అన్నాడు" అన్నాను. "అది సరిపోదు చెల్లీ, కేసు నిలవదు. పైగా మన ఆడపిల్ల సంగతి నలుగురిలో పడుద్ది" అన్నారు. కారంచేడు గురించీ చుండూరు గురించీ గంటలకొద్దీ మాట్లాడగలిగిన అన్నలు వాళ్ళు. నాకు వాళ్ళమీద ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ రాత్రి నేను మెట్లమీద ఒక్కదాన్నే కూచున్నాను. ఇది రాయకుండా ఈ వ్యాసం రాయలేను.

పరిశోధన మానేసి ఇంటికొచ్చాను. అమ్మ నన్ను చూసి, "ఏందే, ఒంటిమీద సొన పడ్డట్టున్నావు" అంది. నేను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ ఏడాదే, ఆగస్టు 13న, సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. పనిచేసేచోట వేధింపులకి దేశంలో మొదటి నియమాలు అవే. లాయరమ్మ ఆ తీర్పు పేరు చెప్పింది. దాని వెనకున్న మనిషి పేరు చెప్పలేదు. ఆమె భన్వరీదేవి. రాజస్థాన్‌లో భటేరీ ఊరు, కుమ్మరి కులం. ప్రభుత్వ కార్యకర్తగా ఒక గుజ్జర్ల ఇంట్లో బాల్యవివాహం ఆపబోతే, 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు ఆ నేరం కింద నిందితుల్ని వదిలేసింది. పైకులం మగవాళ్ళు కిందికులం ఆడదాన్ని ముట్టుకోరన్న తర్కం కూడా ఆ తీర్పులో చేరింది. చూశారా, అంటరానితనం వాళ్ళకి ఎట్టా అక్కరకొచ్చిందో! ఆ అన్యాయంలోంచే విశాఖ కేసు పుట్టింది. పాతికేళ్ళు దాటాక శిక్షణలకొచ్చేసరికి అందులో కులం రాలిపోయి, ఊరికే ఆడవాళ్ళ చట్టం అయి కూచుంది.

నేను చెయ్యెత్తి ఇదంతా చెప్పాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకొచ్చిందనీ, దళిత, ఆదివాసీ స్త్రీ అని తెలిసి లైంగికమైన మాటలు, సైగలు చేసినా దానికింద నేరమేననీ, అంటే చట్టమే రెండింటినీ ఒకే వాక్యంలో కలిపిందనీ అన్నాను. ఆ తేదీ నాకు బాగా గుర్తు. అప్పటికి హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయి తొమ్మిదిరోజులు. "మరి ఈ ఫారంలో ఒకటే టిక్కు పెట్టమంటారేం?" అని అడిగాను. "మంచి పాయింటండీ, టైమైపోతోంది" అన్నారు. సర్టిఫికెట్లు పంచారు. నాదాంట్లో నా పేరు తప్పుపడింది.

పదిహేను రోజులకి మా డిగ్రీ రెండో ఏడు పిల్ల ఒకతి స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. మా పల్లెల వైపు పిల్లే. ఏం జరిగిందో ఇక్కడ రాయను, అది ఆమె సొత్తు. అన్నవాడు ఏమన్నాడో చెప్పినప్పుడు మాత్రం నాకు 1997 నాటి గది వాసన తగిలింది. ఫారం తెచ్చుకుంది. "మేడం, ఏ గడిలో రాయాలి?" అంది.

'ఏదైనా ఒకదానికి' అన్నదాన్ని నేనే కొట్టేశాను. రెండు గడుల్లోనూ టిక్కు పెట్టమన్నాను. కింద ఖాళీలో, వాడన్న మాట వాడన్నట్టే, బూతు బూతుగానే రాయమన్నాను. ఆమె చెయ్యి వణికింది గానీ రాసింది. "ఒక్కదానివే వెళ్ళకు, నీ స్నేహితుల్ని పిలువు" అన్నాను. నా గొంతులో మా అమ్మ గొంతు వినపడింది.

ముగ్గురు పిల్లలొచ్చారు. అందరం కలిసి ప్రిన్సిపాలుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన కాగితం చదివి, "రెండెందుకమ్మా, ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు. విద్యార్థి ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా విచారణలో కూచోవాలని 2015 యూజీసీ నిబంధన చెప్తోందని గుర్తుచేశాను. మా కాలేజీలో ఆ ఎన్నిక ఎప్పుడూ జరగలేదు. ఆయన నావైపు అదోలా చూశారు, కమిటీలో వేసుకున్న మెచ్చుకోలు ఆ చూపులో లేదు. అందినట్టు సంతకం, తేదీ వేయించుకునేదాకా మేం కదల్లేదు.

90 రోజుల్లో ఇవ్వాళ్టికి 31 అయ్యాయి. ఆ పిల్ల క్లాసుకి వస్తూనే ఉంది.