ఏటి ఊపిరిని తెల్లవారకముందే కొలవాలి

ఏటి నీళ్లు బాగున్నాయా అని అడిగితే మా పెద్దవాళ్లు వెంటనే బదులు చెప్పరు. “దేనికి?” అని తిరిగి అడుగుతారు. తాగడానికా, పిల్లలు ఈదడానికా, చేప గుడ్డు పెట్టడానికా, గొడ్లు దిగడానికా? ఒక్కో పనికి ఒక్కో రేవు, ఒక్కో మడుగు ఉంటుంది. గొడ్లు దిగేది ఎప్పుడూ కింది రేవులోనే. మా కోయ మాటలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మా మనసులో ఈ రెండు మాటలూ కలిసే ఉంటాయి.

మేము శబరి ఒడ్డువాళ్లం. ఒడిశా కొండల్లో కొలాబ్ అనే పేరుతో పుట్టిన ఈ ఏరు, మోటు దగ్గర సీలేరును కలుపుకుని, చింతూరు దాటి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా పిల్లలకు ఈత నేర్పింది ఇదే. వేసవిలో మా కూరగిన్నె నింపేది ఇదే.

సర్కారు లెక్క కూడా “దేనికి?” అనే ప్రశ్నతోనే మొదలవుతుందని మాలో చాలామందికి తెలియదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదీజలాలను వాడకాన్ని బట్టి ఎ, బి, సి, డి, ఇ అని ఐదు తరగతులు చేసింది. స్నానానికి, ఈతకు పనికొచ్చేది బి తరగతి. అందులో లీటరు నీటికి కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. నీటిలోని కుళ్లును తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, అంటే బీఓడీ, 3 మిల్లీగ్రాములు దాటకూడదు. కోలిఫాం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు. చేపలకు, అడవి జీవాలకు పనికొచ్చేది డి తరగతి. దానికి ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములున్నా చాలు, విడి అమ్మోనియా మాత్రం 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండింటికీ పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

ఈ రెండు తరగతులను పక్కపక్కన పెట్టి చూడండి. డి తరగతిలో కోలిఫాం ఊసే లేదు. అంటే చేప హాయిగా తిరిగే మడుగులో మునిగిన పిల్లవాడికి విరేచనాలు పట్టుకోవచ్చు. అటు మిరప చేలో మందు కొట్టిన డబ్బా ఏట్లో కడిగితే ఆ విషం బి తరగతి అంకెల్లో ఎక్కడా కనబడదు. నీళ్లు తేటగానే ఉంటాయి, ముందుగా చచ్చేది రాళ్ల కింది పురుగులు. తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు.

ఇక ఆక్సిజన్ సంగతి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది. అందుకే ఎండాకాలం మడుగులో చేపకు కష్టం. పగలు నాచు, నీటిమొక్కలు ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి ఆ మొక్కలూ, చేపలూ, బురదలోని సూక్ష్మజీవులూ అన్నీ పీల్చుకునేవే. కాబట్టి నీటిలో ఊపిరి బాగా తగ్గేది తెల్లవారే ముందు. ఆ వేళకే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయని వల వేసేవాళ్లందరికీ తెలుసు. పొద్దు నెత్తికెక్కాక సీసా ముంచితే అదే మడుగు పరీక్ష పాసవుతుంది. దూరం నుంచి జీపులో వచ్చేవాళ్లకు ఆ పొద్దుపొడుపు దొరకదు. తొలకరిలో మొదటి వాన గట్టు మీది పేడనూ మలాన్నీ కడిగి ఏట్లోకి తెచ్చే గంట కూడా వాళ్లకు దొరకదు. ఆ రెండు వేళల్లోనూ ఏటి దగ్గర ఉండేది మనమే.

“చేపలున్నాయిగా, ఇంకేం?” అనేవాళ్లుంటారు. ఏ చేపలు అని అడగాలి. కొరమీను, మార్పు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. నీళ్లలో ఊపిరి లేకున్నా కొంతకాలం నెట్టుకొస్తాయి. బొచ్చె, రాగండి అలా బతకలేవు. వలలో కొరమీనూ మార్పూ మాత్రమే పడుతూ మిగతావి తగ్గుతున్నాయంటే ఆ మడుగును అనుమానించాలి.

పారే చోట ఒక రాయి తిప్పి చూడండి. తోక మూడు పోగులుగా చీలిన చిన్న పురుగులు అంటుకుని ఉంటే మంచి గుర్తు. ఇంగ్లీషులో వాటిని మేఫ్లై పిల్లలంటారు. ఇసుక రేణువులు, పుల్లలు అతికించుకుని గూడు కట్టుకునే కాడిస్ పురుగులున్నా మంచిదే. ఇవి ఊపిరి తగ్గితే ఓర్చుకోలేవు. ఇవేవీ లేక, బురదలో సన్నటి ఎర్రపురుగులే ఉంటే ఆ చోట కుళ్లు పెరిగిందనుకోవాలి. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హీమోగ్లోబిన్ ఉంది, అందుకే ఊపిరాడని బురదలోనూ బతుకుతాయి. చూసిన తర్వాత రాయిని ఉన్నట్టే పెట్టేయండి, అది వాటి ఇల్లు.

సైన్సు మాస్టార్లకు ఒక మాట. ఆక్సిజన్ కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, వింక్లర్ పద్ధతి చాలు. గాలిబుడగ లేకుండా సీసా నింపి, ఒడ్డునే మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలు కలపాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. మూత బిగించి ఎండ తగలకుండా బడికి తెచ్చుకుంటే మిగతా పని అక్కడ చేసుకోవచ్చు. 200 మిల్లీలీటర్ల నీటికి 0.025 నార్మల్ థయోసల్ఫేటు ఎన్ని మిల్లీలీటర్లు పడితే, లీటరుకు అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్నట్టు. ఆమ్లం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి.

కోలిఫాం సంగతి వేరు. మంచినీటి పరీక్షకు ఊళ్లకు వచ్చే సీసాలో ఏటి నీళ్లు పోస్తే దాదాపు ఎప్పుడూ నల్లబడతాయి. అది కలుషితం ఉందనే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఈతకు పనికొస్తుందో లేదో తేలాలంటే శుద్ధిచేసిన సీసాలో నీళ్లు పట్టి, ఐసులో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. ఆ వీలు లేనప్పుడు కళ్లతో చూడాలి: పై రేవులో మురుగుకాలువ కలుస్తోందా, గొడ్లు పడుకుంటున్నాయా? తొలి వాన పడిన రెండు మూడు రోజులు చిన్నపిల్లల్ని ఏట్లో దింపకపోవడం మంచిది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే కారణం ఉంది. గోదావరి పోటెత్తినప్పుడు శబరి వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు మాకు గుర్తే. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. మా మండలాల్లో చాలా ఊళ్లు ఆ ముంపు జాబితాలో ఉన్నాయి. నీళ్లు ఆ మట్టానికి నిలిస్తే పారే ఏరు చెరువులా మారుతుంది. నిలిచిన నీటికి గాలి తక్కువ కలుస్తుంది, మునిగిన చెట్టూ చెత్తా అడుగున కుళ్లుతాయి. అప్పుడు చేప తగ్గిందని మనం అంటే “ముందు మాత్రం ఎంత ఉండేది?” అని అడుగుతారు. మన పెద్దల మాట నిజమే. కానీ ఆఫీసులో బల్ల అవతలివాళ్లు తేదీ, అంకె అడుగుతారు. పారే శబరిని కొలిచి రాసిపెట్టడానికి మనకున్న కాలం తక్కువ.

చట్టం కూడా మనకు చోటిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కులను గుర్తించింది. నీటి వనరులనూ వాటి పరీవాహక ప్రాంతాన్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను షెడ్యూల్డు ప్రాంత పంచాయతీలకు అప్పగించింది. గ్రామసభలో నోటిమాటతో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఉంటే తీర్మానానికి బలం వస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నెలకు ఒక రోజు చాలు. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, అదే రేవులో కొలవండి. తేదీ, గంట, నీటి వేడి, పీహెచ్, ఆక్సిజన్, రాయి కింద కనబడిన పురుగులు, ఆరోజు వలలో పడిన చేపల పేర్లు రాయండి. చేపల పేర్లు మన మాటలోనే రాయండి, తెలియనివి అవ్వనో తాతనో అడగండి. రెండు ప్రతులు తీసి ఒకటి బడిలో, ఒకటి గ్రామసభ దస్త్రంలో పెట్టండి.